రాతి ఈగకు పత్తి పేరు

పోయిన మాసం ఒక అమ్మాయి రాజపాళయం బస్టాండులో దిగి, ఇల్లు విచారించుకుంటూ మా వాకిలికి వచ్చింది. శిలాజాల పనిలో కొత్తగా చేరిందట. మదరాసులో మా పాత భూగర్భశాఖ ఆఫీసు సొరుగు ఒకటి తెరిస్తే దానిలో అరచేయంత రాతి పలక కనబడిందట. పలక నడుమ ఒక ఈగ రెక్క, బియ్యపు గింజలో సగం ఉంటుంది. జురాసిక్ కాలంది. పక్కన చీటీ మీద లాటిన్ పేరు. ఆ పేరుకు అర్థం పత్తి ఈగ అని.

"తాతా, ఆ కాలంలో పత్తి చెట్టు లేదు. అసలు పూలు పూసే చెట్టే లేదంటారు. పేరు పెట్టినాయనకు ఆ సంగతి తెలియదా?" అని అడిగింది.

తెలుసు. నాకంటే బాగా తెలుసు. నేను చెప్పడం మొదలుపెట్టినాను గానీ, నడుమ నడుమ నాకే నవ్వు వచ్చి మాట ఆగిపోతా ఉండింది. కాఫీ ఆరిపోయింది, ఆమె బస్సు వేళ అయింది. అందుకని కూర్చుని రాస్తా ఉన్నాను. ఆమెకోసం, ఆమె మాదిరి ఈ పనిలోకి వచ్చే పిల్లలకోసం. నా ప్రమోషన్లు, బదిలీలు దీనిలో ఉండవు. అవి నాకే అలుపు.

పని అంటే ఏమి

శిలాజం దొరకడమే పని అని అందరూ అనుకుంటారు. దొరకడం అదృష్టం. దానికి సుత్తి, టోపీ, మెడనొప్పి చాలు. దొరికినదాన్ని ముందర పెట్టుకుని, "ఇది ఇంతవరకు ఎవరూ చూడనిది" అని చెప్పగలగడం పని. కొత్తది అని చెప్పాలంటే పాతవన్నీ తెలిసి ఉండాలి. కాబట్టి మా బ్రతుకులో ఎక్కువ భాగం కొత్తవాటితో కాదు, పాత బొమ్మలతోనే పోతుంది.

ఈగకు రెండే రెక్కలు. రెక్కలో నరాలు ఉంటాయి, చేతిలో గీతల మాదిరి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క అమరిక. ఏ నరం ఎక్కడ మొదలు, ఎక్కడ రెండుగా చీలుతుంది, రెండు పొడుగు నరాలను కలిపే అడ్డనరం ఉందా లేదా, ఇవే మాకు సాక్ష్యం. ఒళ్లంతా పోయి ఒక్క రెక్క మిగిలినా చాలు. తెలిసిన వాటన్నిటికంటే ఒక్క గీత తేడాగా ఉంటే, ఆ తేడాను రాసి, బొమ్మ గీసి, పేరు పెట్టే హక్కు మీకు వస్తుంది. ఆ పేరు వెనక మీ ఇంటిపేరు కూడా రాస్తారు, ఎప్పటికీ. రిటైరైనాక మన కుర్చీ ఎవరికీ గుర్తుండదు. ఇది మాత్రం ఉంటుంది.

ఇద్దరు పెద్దలు

నా మొదటి పెద్ద ఆఫీసరు పేరు రాయను. ఆయన ముందే ఒక బొమ్మ మనసులో పెట్టుకుని, "రాతిలో ఇట్లా ఉంటుంది, గీయి" అని చెప్పేవారు. నేను గీసేవాడిని. రాతిలో లేదు సార్ అంటే, "ఉంటుంది, బాగా చూడు" అనేవారు. అటువంటివారి దగ్గర ఒక్క సంవత్సరం పని చేస్తే కన్ను పాడవుతుంది. వీలైతే బదిలీ అడగండి.

రెండో ఆయన సోమయాజులు గారు. కాకినాడ వైపువారు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. సంతోషం వస్తే చేతులు వెనక కట్టుకుని మడమల మీద ఊగేవారు. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఒకే శిలాజాన్ని దినమూ కొత్తగా గీయాలి, నిన్నటి బొమ్మ చూడకూడదు. గీసిన బొమ్మను బోర్ల వేసి, దాని మీద టిఫిన్ క్యారియర్ పెట్టేవారు. "నిన్నటి బొమ్మ చూస్తే, ఇవాళ రాయిని చూడవు. నిన్నటి నిన్నే చూస్తావు" అనేవారు. నాకు చిన్నప్పటినుండి డైరీ రాసే అలవాటు ఉండడంతో ఈ నియమం సులభంగా పట్టుకుంది. డైరీ కూడా అంతే గదా, నిన్నటి పుట చూసి రాసేది కాదు.

మావాళ్లు వందల ఏండ్లకు ముందు అరవదేశానికి వచ్చి రాజపాళయంలో నిలిచిపోయినవాళ్లు. నా తెలుగు ఆయనకు వేడుక.

"ఏమయ్యా రాజూ, మీ ఊరి తెలుగు కూడా శిలాజమేనోయ్. ఎప్పుడో పూడ్చిపెట్టారు, చెక్కుచెదరకుండా బయటపడింది."

"అట్లయితే దానికీ మీ ఇంటిపేరు తగిలించండి సార్" అన్నాను. మడమల మీద చాలాసేపు ఊగినారు.

నవ్వుతాలకు అన్నానే గానీ అది ఆయనకు తగిలే చోటే. ఉద్యోగమంతా పైవారి శిలాజాలకు బొమ్మలు గీసి, పైవారి వ్యాసాలు దిద్దినారు. ఆయన ఇంటిపేరు తగిలిన ప్రాణి లోకంలో ఒక్కటీ లేదు. అరవైల మొదట్లో ఒక వేసవిలో ఆయన రిటైరు కావాలి. చేతిలో మిగిలింది ఒకే పలక. ప్రాణహిత ఒడ్డున సున్నపురాతిని ఆయనే స్వయంగా చీల్చితే బయటపడిన ఈగ రెక్క. చీల్చినప్పుడు రాయి రెండు సగాలై, ఒక సగం అక్కడే పొడి అయిపోయింది. కాబట్టి ఉన్నది ఇదొక్కటే.

"ఏనుగు అడగలేదయ్యా నేను. ఒక్క ఈగ. అంతే" అనేవారు.

అత్త ఇంటి ముందరి గది

ఆ చివరి మాసాల్లో మమ్మల్ని సిమెంటుకు పనికివచ్చే సున్నపురాయి వెదకమని రాజపాళయానికే పంపినారు. మా అత్త ఇంట్లో ముందరి రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. పగలంతా సేత్తూరు వైపు మట్టి రోడ్లలో సైకిలు తొక్కి రాళ్లు కొట్టేవాళ్లం. పొద్దున్నే మాత్రం, ఎండ ముదరకముందు, ఈగ పని. ఆ పలక పెట్టెను సోమయాజులు గారు ఎక్కడికి పోయినా వెంట తెచ్చుకునేవారు. ఆఫీసులో వదిలితే పైవారెవరైనా "నేను చూస్తాను ఇవ్వు" అంటారని భయం.

మా అత్తకు మొదటి దినమే రెక్కను మైక్రోస్కోపులో చూపించినాను. ఒక కన్ను మూసి చూసింది.

"ఇదా? దీనికోసమా గోదావరి దాటి పోయినారు? ఒక మామిడిపండు కోసి తిన్నె మీద పెట్టు. ఊళ్లో ఈగలన్నీ నీ దగ్గరికే వస్తాయి."

"అవి చచ్చి రాయి అయ్యేదాకా ఆగాలి కదమ్మా" అన్నారు సోమయాజులు గారు.

"మీరు ఆగుతారు సారు. మీకు నెల జీతం వస్తుంది."

అత్త కొడుకులు బ్యాండేజి గుడ్డ నేసే తరి, అంటే మగ్గం, పెట్టినారు. కాబట్టి ఇంటినిండా నీలం కాగితం చుట్టిన ఆస్పత్రి దూది చుట్టలు. సోమయాజులు గారు ఈగ పలకను పాత వార్తాపత్రికలో చుట్టడం చూసి, అత్త ఒక చుట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పుట్టిన బిడ్డను దీనిలోనే పడుకోబెడతాము. మీ రాయికి ఇది ఒప్పదా?"

ఆయన పొంగిపోయినారు. అంత తెల్లని, అంత మెత్తని దూది మా ఆఫీసు ఎన్నడూ చూడలేదు. అప్పటికప్పుడు పత్రికలన్నీ పారేసి పెట్టెలో దూది పరిచినారు. అదే వారం పలక అంచు రాలుతూ ఉండడం చూసి, స్పిరిట్లో లక్క కరిగించి కుంచెతో పలుచగా పూసినారు. రాయి గట్టిపడడానికి అప్పుడు అదే పద్ధతి.

ఆ ఇంట్లో ఆయనకు ఉన్న కష్టం ఒక్కటే, అత్త కుక్క. మా ఊరి తెల్ల కుక్క, గులాబీ ముక్కు, చిన్న దూడంత ఉంటుంది. ఆయన గదిలోనుండి బయటికి రావాలంటే ముందు నన్ను పంపేవారు.

మెలితిరిగిన నరం

లక్క ఆరిన మరుసటి దినం ఆయన మైక్రోస్కోపు దగ్గరనుండి లేచి, పంచె పైకి కట్టుకుని నాలుగు అడుగులు ఆడినారు. కుక్క మొరిగింది. ఆయన లెక్కచేయలేదు.

రెక్క కొసకు దగ్గర, రెండు పొడుగు నరాల నడుమ, ఒక అడ్డనరం ఉంది. ముందు కనబడలేదు. ఆశ్చర్యం లేదు, పూత పూస్తే నరాలు తేటపడతాయి. పైగా అది తిన్నగా లేదు, సన్నని నాడా మెలిపెట్టినట్టు మెలితిరిగి ఉంది. తెలిసిన ఏ ఈగకూ ఆ చోట అడ్డనరం లేదు. మెలితిరిగిన నరం ఏ చోటా లేదు.

ఆ పక్షమంతా మా ఇద్దరికీ నేల మీద కాలు ఆనలేదు. దినమూ కొత్తగా గీసినాము, దినమూ నరం అక్కడే ఉంది. బొమ్మలు టిఫిన్ క్యారియర్ కింద మందంగా పెరిగినాయి. సోమయాజులు గారు వర్ణన రాసి, టైపు చేయించినారు. మొదటి వాక్యమే మెలితిరిగిన అడ్డనరం గురించి. సైకిలు మీద పోతూ ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పద్యం మాదిరి చదివేవారు. పత్తి చేలో పని చేసేవాళ్లు తిరిగి చూసేవాళ్లు. అచ్చుకు పంపడానికి ఇంకా మిగిలింది నేను గీయాల్సిన చివరి బొమ్మ ఒక్కటే.

ఊపిరి

ఆ పొద్దున నేను కూర్చునే కిటికీ దగ్గర అత్త మిరపకాయలు ఆరబోసింది. ఘాటుకు తుమ్ములు వస్తాయని మైక్రోస్కోపును ఎదురు కిటికీకి మార్చినాను. అక్కడ ఎండ ఏటవాలుగా, తక్కువగా వస్తుంది.

చూసినాను. మెలితిరిగిన నరానికి నీడ ఉంది.

రాతిలో నరం అంటే మరక. మరకకు నీడ ఉండదు. ఇంకా కిందికి వంగినాను. వంగినప్పుడు ఊపిరి వదిలినాను. నరం ఊగింది.

ఊపిరి బిగబట్టినాను. ఆగింది. వదిలినాను. ఊగింది. ఇట్లా ఎంతసేపు ఆడినానో తెలియదు. కోట్ల ఏండ్లు కదలకుండా ఉండినది నా ముక్కు గాలికి తాళం వేస్తా ఉంది. భయపడాల్సిన చోట నాకు నవ్వు పొంగుతా ఉండింది.

సోమయాజులు గారు లోపల దోసె తింటా ఉండినారు.

"సార్, నరం కదులుతా ఉంది."

"ఎవరి నరం? నీదా?"

"ఈగది సార్."

"రాజూ, నిన్న ఎండలో టోపీ పెట్టుకున్నావా?"

చేయి కడుక్కుని వచ్చి చూసినారు. ఒకసారి ఊపిరి వదిలినారు. మరొకసారి. తల ఎత్తకుండానే, "మీ అత్త కుక్క" అన్నారు.

కుక్క వెంట్రుక ఒకటి తెచ్చి పక్కన పెట్టినాను. దారం పక్కన మోకు పెట్టినట్టు ఉండింది. అది కాదు. అప్పుడు ఆయన పెట్టెలోనుండి కొంచెం దూది చిటికెతో లాగి, ఒక పోగు మైక్రోస్కోపు కింద పెట్టి చూసినారు. సన్నని నాడా, మెలితిరిగి ఉంది. అచ్చం మన నరమే. ఇది తెలుపు, అది లక్క పట్టి గోధుమ రంగు. పూత ఎండకు పగిలి, ఒక కొస లేచింది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. నా నవ్వు పోయింది. ఆ నరం పోతే ఈగ కొత్తది కాదు. ఈగ కొత్తది కాకపోతే ఆయనకు ఇంకేమీ లేదు, వేసవి వచ్చేసింది.

ఇక్కడ ఒక మాట. కొసకు ఇంకొక చుక్క లక్క అంటిస్తే చాలు. రెండో సగం లేదు, ఇంకెవరూ ఆ పలక చూడలేదు. మా మొదటి ఆఫీసరు అయితే ఆలోచించకుండా అంటించేవారు. నాకూ ఆ ఆలోచన వచ్చింది, రాలేదంటే అబద్ధం.

"టైపు కాగితాలు ఇలా ఇవ్వు" అన్నారు సోమయాజులు గారు. చించేస్తారు అనుకున్నాను. వాటిని బోర్ల వేసి, టిఫిన్ క్యారియర్ కింద పెట్టినారు.

"నిన్నటి బొమ్మ చూడకూడదు కదటయ్యా. స్పిరిట్ ఎంత ఉంది?"

సీసా అడుగున

అప్పుడు మదరాసు రాష్ట్రంలో మద్యనిషేధం. పనికోసం వాడే స్పిరిట్ సీసాకు కూడా పర్మిట్ కావాలి. మా సీసా అడుగున కొంచెమే మిగిలింది. గాలికి దూది ఎగరకుండా తలుపు, కిటికీలు మూసినాము. ఆయన కుంచెతో చుక్క చుక్కగా పోస్తే లక్క కరిగింది. దూది పోగు తేలింది. దాన్ని కుంచె కొసతో ఎత్తి, నాకు చూపించి, "వెళ్లొస్తానంటోంది" అన్నారు.

స్పిరిట్ తడికి నరాలు కాటుకతో గీసినట్టు లేచినాయి. తడి ఆరేలోపల ఒకరి తరువాత ఒకరం చూసి, వీపు వీపు ఆనించుకుని విడివిడిగా గీసినాము. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టినాము.

"నీ బొమ్మలో ఈ నాలుగో నరం చివర చీలలేదేం?"

"రాతిలో చీలలేదు సార్. మీ బొమ్మలో?"

ఆయన తన బొమ్మ చూసుకున్నారు. తన బొమ్మలోనూ చీలలేదు. ఈ కుటుంబం ఈగలన్నిటికీ ఆ నరం అంచు చేరేముందు రెండుగా చీలుతుంది. అది మాకు అక్షరాభ్యాసం మాదిరి. దీనికి చీలలేదు, తిన్నగా అంచుకు పోయింది.

ఆయన టిఫిన్ క్యారియర్ ఎత్తి పక్షం దినాల బొమ్మలన్నీ తిరగవేసినారు. ఒక్కదానిలోనూ చీలలేదు. దినమూ మా చేతులే తిన్నగా గీసినాయి. కళ్లు మాత్రం పక్కనే ఉన్న దూదిపోగును ముద్దు చేస్తా ఉండినాయి.

"ఆగు" అన్నారు. "చీలిక లక్క కింద దాగి ఉంటే?"

మిగిలిన స్పిరిట్ అంతా, సీసా బోర్లించి, ఆ కొస మీద పోసినారు. ఆయన చూసినారు, నేను చూసినాను, మళ్లీ ఆయన చూసినారు. చీలిక లేదు. ఎప్పుడూ లేదు.

మొదట ఎవరు నవ్వినామో గుర్తు లేదు. ఆయన మడమల మీద ఊగబోయి మంచం మీద పడినారు. నేను గోడ పట్టుకున్నాను. ఆపుదామని మొగం మొగం చూసుకుంటే మళ్లీ మొదలు. అప్పుడే అత్త తలుపు తోసింది, వెనక కుక్క.

"ఏమిరా, పగటి వేళ తలుపు మూసి ఏమి చేస్తా ఉండారు?"

"ఏమీ లేదత్తా, నరం చీలలేదు" అన్నాను.

"చీలలేదా? వాసన వీధి కొస దాకా చీల్చుకుని పోతా ఉంది. మూడో ఇంట్లో హెడ్ కానిస్టేబులు అద్దెకు ఉండాడు, తెలియదా?" సోమయాజులు గారి వైపు తిరిగింది. "మీరూనా సారు? పెద్దమనిషి అని నమ్మి గది ఇచ్చినాను."

ఆయన ఖాళీ సీసా పైకెత్తి, "అమ్మా, ఇది మేము తాగలేదు, ఈగ..." అన్నారు. మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది. కుక్క వచ్చి ఆయన మొగం నాకింది. ఆయనకు అది కూడా తెలియలేదు.

అత్త పోయి రెండు చెంబుల పుల్ల మజ్జిగ, ఉప్పు వేసి, తెచ్చి ముందర పెట్టింది. "తాగండి. దిగుతుంది." తాగినాము. వివరించడంకంటే అది సులభం.

ఆ దినం నా డైరీలో రెండు ముక్కలే ఉన్నాయి. "నరం కదిలింది. మజ్జిగ తాగినాము."

పిల్లలకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీకు బాగా నచ్చిన తేడా ఏదైనా కనబడితే, దాని మీద ఒకసారి ఊపిరి వదలి చూడండి. కదలకపోతే దాన్ని విడిచిపెట్టి, దాని పక్కన ఏముందో చూడండి. పక్కదాన్ని ఎవరూ చూసి ఉండరు. ఆ వ్యాసం సోమయాజులు గారు రిటైరైన తరువాత అచ్చయింది. మొదటి వాక్యం చీలని నరం గురించి. ఈగ పేరు వెనక ఆయన ఇంటిపేరు ఉంది, ఇప్పటికీ ఉంది.

రైలు

ఆయన మదరాసుకు బయలుదేరే దినం పలకను మళ్లీ పాత వార్తాపత్రికలో చుట్టినాము. అత్త చూసి మొగం ముడుచుకుంది. స్టేషనుకు స్వయంగా వచ్చింది, చంకలో నీలం కాగితం చుట్ట పెట్టుకుని.

"దూది వద్దన్నారంట. ఇంతకంటే మెత్తనిది ఇంకెక్కడైనా ఉందా సారు?"

"లేదమ్మా" అన్నారు సోమయాజులు గారు. రెండు చేతులతో ఆ చుట్టను అందుకుని, కళ్లకు అద్దుకున్నారు. రైలు పెట్టెలోకి ఎక్కినారు. చెక్క బల్ల మీద ఆ చుట్టను పెట్టి, దాని మీద గట్టిగా కూర్చుని, ఈగ పెట్టెను ఒడిలో పెట్టుకున్నారు. అత్తకు తృప్తి అయింది.

రైలు కదిలింది. నేను కిటికీ పట్టుకుని నాలుగు అడుగులు నడిచినాను.

"సార్, ఈగకు పేరు ఇంకా పెట్టలేదే."

"దొరికిందయ్యా."

"ఏమి పేరు సార్?"

ఆయన కూర్చున్న చోటు వైపు వేలు చూపించి, ఊగినారు.